ఎర్రమట్టిలో రంగులు వెతికిన కార్వర్

జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అనగానే అందరికీ వేరుశనగ గుర్తొస్తుంది. పీనట్ బటర్ కనిపెట్టాడని కూడా రాసేస్తుంటారు, అది నిజం కాదు. ఆ వేరుశనగ కథ కింద ఒక చిత్రకారుడు మరుగున పడిపోయాడు.

1864 ప్రాంతంలో అమెరికాలోని మిస్సోరిలో బానిసగా పుట్టాడు. పసివాడిగా ఉన్నప్పుడే ఒక ముఠా తల్లీబిడ్డల్ని ఎత్తుకుపోయింది. యజమాని ఒక గుర్రాన్నిచ్చి బిడ్డను వెనక్కి తెచ్చుకున్నాడు. తల్లి మేరీ జాడ మళ్లీ తెలియలేదు. పెద్దయ్యాక కాన్సాస్‌లో ఒక కాలేజీ సీటిచ్చింది, తీరా వెళితే నల్లవాడని తిప్పి పంపింది. 1890లో అయోవాలోని సింప్సన్ కాలేజీలో చిత్రకళ చదివాడు. అతను మొక్కల్ని గీసే తీరు చూసి టీచర్ ఎట్టా బడ్ వృక్షశాస్త్రం వైపు నడిపింది. అతని యుక్కా మొక్క చిత్రం 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనకెక్కింది.

1896లో అలబామాలోని టస్కెగీకి పంతులుగా వచ్చాడు. చుట్టూ పత్తి పండించీ పండించీ సారం పోయిన నేల, అప్పుల్లో మునిగిన నల్లజాతి పాలుకౌలు రైతులు, రంగు ఎరగని చెక్క ఇళ్లు. రంగు డబ్బా కొనే స్తోమత వాళ్లకు లేదు. కాళ్ల కింద మట్టి మాత్రం ఎరుపు, పసుపు, తెలుపుల్లో ఉంది. మట్టిని నీళ్లలో కలియబెట్టి, ఇసుక అడుక్కి దిగాక పైనీళ్లు వేరే పాత్రలోకి వంచితే, అందులో పేరుకునే మెత్తని మడ్డే రంగు. ఆ మట్టితో గోడలకు వెల్ల, రంగులు వేసుకోవడం ఎలాగో చెబుతూ 1911లో ఒక చిన్న పుస్తకం వేశాడు. లందలో తంగేడు చెక్క వేసి తోళ్లు ఊనిన మాదిగల విద్యను మురికి పనిగా చూసిన దేశం మనది. అందుకేనేమో, ఆయన పేటెంట్ల కన్నా ఈ పుస్తకమే నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

చిలగడదుంప, వేరుశనగల నుంచి అద్దకపు రంగులు తీశాడు. మట్టి రంగుల తయారీకి 1925, 1927లో పేటెంట్లు వచ్చాయి. వ్యాపారంగా అవేవీ పెద్దగా నిలబడలేదు. జాతి వివక్ష మీద గొంతెత్తి మాట్లాడలేదన్న విమర్శ ఆయన మీద ఉంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. వినయంగా ఉండే నల్లవాడిగా తెల్లవాళ్ల పత్రికలు ఆయన్ని మెచ్చుకుని వాడుకున్నాయి. ఆ పొగడ్తల్లో మట్టి రంగులకు చోటు తక్కువ.

1943 జనవరి 5న చనిపోయాడు. దాచుకున్న డబ్బు తన పేరిట పరిశోధన కోసం పెట్టిన నిధికే వెళ్లింది. నాలుగేళ్లకు, 1947లో, టస్కెగీలోని కార్వర్ మ్యూజియంలో మంటలు లేచాయి. ఆయన వేసిన చిత్రాల్లో చాలావరకు కాలిపోయాయి.