మనోవ్యాధితోనే కీర్తనలు రాసిన విలియమ్ కూపర్

ఇంగ్లిష్ ఆరాధన జరిగే మన చర్చిల్లో ‘దేర్ ఈజ్ ఎ ఫౌంటెన్’, ‘గాడ్ మూవ్స్ ఇన్ ఎ మిస్టీరియస్ వే’ అనే కీర్తనలు తెలియని వారుండరు. మొదటిది ప్రభురాత్రి భోజనం వేళ పాడుకుంటాం. రెండోది కష్టం వచ్చిన ఇంట్లో పాడుకుంటాం. రెండూ రాసింది ఒక్కరే. ఆయన జీవితంలో ఐదుసార్లు తీవ్రమైన మనోవ్యాధితో మంచాన పడ్డాడని, ఒకటి కాదు, పలుమార్లు ప్రాణం తీసుకోబోయాడని, చివరి ఇరవై ఏడేళ్లూ చర్చి ఆరాధనకు వెళ్లనేలేదని పాడే మనలో ఎంతమందికి తెలుసు? ఆయన పేరు విలియమ్ కూపర్. అక్షరాలను బట్టి కౌపర్ అని చదువుతాం గానీ ఆ కుటుంబం వారు కూపర్ అనే పలికేవారు.

కూపర్ 1731లో ఇంగ్లండ్‌లోని బెర్క్‌హామ్‌స్టెడ్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి అక్కడి చర్చి పాదిరి. కూపర్‌కు ఆరేళ్లు నిండకముందే తల్లి ఆన్ మరో బిడ్డను కని కొద్ది రోజులకే చనిపోయింది. ఆ పసివాణ్ని హాస్టల్ బడికి పంపించారు. అక్కడ ఓ పెద్ద పిల్లవాడు అతన్ని ఎంతగా హింసించాడంటే, కూపర్ తలెత్తి వాడి ముఖం చూసే ధైర్యం లేక, బూట్ల బకిల్స్‌ను బట్టి వాడిని గుర్తుపట్టేవాడట. తల్లి పోయిన 53 ఏళ్లకు, 1790లో, బంధువు ఒకరు ఆమె చిత్రపటాన్ని పంపితే ఆ ముసలి కవి దాన్ని ముద్దుపెట్టుకుని, రాత్రి పడుకునేముందు చివరిగా కనిపించేలా పడక ఎదుట తగిలించుకున్నాడు. మనసుకు తగిలిన కొన్ని దెబ్బలు ఎంతకాలం ఉంటాయో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

లా చదివి లండన్‌లో న్యాయవాదుల మధ్య కాపురం పెట్టిన కొత్తలో, 1753లో, ఆయనకు మొదటిసారి ఆ చీకటి కమ్మింది. పగలూ రాత్రీ ఒకటే దిగులు, ఏ పనిమీదా మనసు నిలవదు. కొన్ని నెలలకు అది తగ్గింది. మేనకోడలి వరసో మరదలి వరసో కాదు, సొంత పెదనాన్న చిన్నాన్నల పిల్లల వరసైన థియోడోరాను ప్రేమించాడు. మన దగ్గర ఆ వరసకు పెళ్లి మాటే ఎత్తరు గానీ అక్కడ చట్టం ఒప్పుకుంటుంది. అయినా ఆమె తండ్రి ఒప్పుకోలేదు. కూపర్ ఆ తర్వాత ఎవరినీ పెళ్లి చేసుకోలేదు, ఆమె కూడా అంతే.

1763లో అసలు దెబ్బ తగిలింది. బంధువు ఒకరి పలుకుబడితో ప్రభువుల సభలో క్లర్కు ఉద్యోగం వచ్చేలా ఉంది. అయితే సభ ఎదుట నిలబడి పరీక్షకు జవాబులు చెప్పాలి. మరొకరికైతే అది పెద్ద విషయం కాదు. కూపర్‌కు మాత్రం అది ఉరికంబంలా కనిపించింది. నెలల తరబడి నిద్రలేదు, చదివింది బుర్రకెక్కలేదు. పరీక్ష రోజు దగ్గరపడేసరికి ఒకటికి మూడుసార్లు ప్రాణం తీసుకోబోయి బతికాడు. ఆనాటి ఇంగ్లండ్‌లో ఆత్మహత్య చట్టరీత్యా నేరం, చచ్చినవాడి ఆస్తిని కూడా రాజు స్వాధీనం చేసుకోవచ్చు. చర్చి దృష్టిలో అది క్షమాపణ లేని పాపం. బతికి బయటపడ్డ కూపర్‌కు అవమానంతో పాటు, దేవుడు తనను వదిలేశాడన్న భయం పట్టుకుంది. దారినపోయేవారంతా తనను చూసి నవ్వుతున్నారని, పుస్తకాల్లో రాసిందంతా తన గురించేనని అనుకునేవాడు.

బంధువైన పాదిరి మార్టిన్ మదాన్ వచ్చి సువార్త చెప్పాడు. కూపర్ ఏడ్చాడు, కాస్త ఊరట పొందాడు. కానీ తెల్లవారేసరికి భయం రెట్టింపైంది. మదాన్ చెప్పిన వాక్యంలో లోపం లేదు, కూపర్ విన్న తీరులోనూ లోపం లేదు. జ్వరంతో సొమ్మసిల్లిన మనిషికి ప్రసంగం ఎంత వినిపిస్తుందో అంతే వినిపించింది. అది గ్రహించినవాడు తమ్ముడు జాన్. అన్నను డాక్టర్ దగ్గరికి పంపాలని అతనే పట్టుబట్టాడు.

అప్పట్లో మానసిక రోగుల ఆసుపత్రి అంటే లండన్‌లోని బెత్లెహేమ్ ఆసుపత్రే అందరికీ గుర్తొచ్చేది. బెడ్లమ్ అని దాన్ని వెక్కిరింపుగా పిలిచేవారు. ప్రభువు పుట్టిన ఊరి పేరు అలా తిట్టుగా మారింది. మన దగ్గర ఎర్రగడ్డ అనే ఊరి పేరు ఏమైందో చూస్తున్నాం కదా! గొలుసులు, రక్తం తీయడం, వాంతులకూ విరేచనాలకూ మందులు, చన్నీటి స్నానాలు, ఇవీ ఆనాటి వైద్యాలు. సెలవు రోజుల్లో జనం జూకి వెళ్లినట్టు అక్కడికి వెళ్లి రోగులను చూసి నవ్వుకునేవారు. 1770లో గానీ ఆ సందర్శనలను కట్టడి చేయలేదు. బడిపిల్లవాడిగా తానూ అలా చూడబోయానని, ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేస్తుందని కూపర్ తర్వాతి కాలంలో ఓ ఉత్తరంలో ఒప్పుకున్నాడు.

అదృష్టం కాదు, దైవకృప అనే అంటాం, జాన్ తన అన్నను బెడ్లమ్‌కు కాకుండా సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో డాక్టర్ నథానియేల్ కాటన్ నడిపే చిన్న ఆశ్రమానికి పంపాడు. 1763 డిసెంబరులో కూపర్ అక్కడ చేరాడు. కాటన్ హాలండ్‌లోని లైడెన్‌లో వైద్యం చదివినవాడు, కవి, భక్తిపరుడు. ఆయన దగ్గర రోగులు చాలా తక్కువమంది ఉండేవారు. వారితో మర్యాదగా మాట్లాడేవాడు, నిందించేవాడు కాదు, తొందరపెట్టేవాడు కాదు. మొదటి నెలలన్నీ కూపర్ నరకం అంచున నిలబడ్డట్టే గడిపాడు. రోగిని ఒంటరిగా వదలకుండా శామ్ రాబర్ట్స్ అనే సేవకుడు కనిపెట్టుకుని ఉండేవాడు.

1764 జూలైలో తమ్ముడు చూడవచ్చి, ఆ భయాలన్నీ భ్రమలేనని గట్టిగా చెప్పాడు. భ్రమే అయితే తనంత ధన్యుడు లేడంటూ కూపర్ భోరున ఏడ్చాడు. ఆ రోజుల్లోనే తోటలో ఓ బెంచీమీద బైబిలు కనబడింది. తెరిస్తే యోహాను 11వ అధ్యాయం వచ్చింది, లాజరు సమాధి దగ్గర ప్రభువు కన్నీళ్లు పెట్టుకున్న సంగతి. తర్వాత మరో రోజు రోమా 3:25 చదివాడు. క్రీస్తు రక్తంలో తన పాపానికి ప్రాయశ్చిత్తం ఉందన్న సత్యం ఆ క్షణాన ఆయన హృదయంలోకి దిగింది. ఆనందంతో నోట మాట రాలేదు.

ఇక్కడ మనం కాటన్‌ను గమనించాలి. ఆయన విశ్వాసి. రోగి రక్షణ అనుభవం పొందాడు. మరొకరైతే హల్లెలూయ అని ఆ సాయంత్రమే ఇంటికి పంపేసేవారు, వచ్చే ఆదివారం సాక్ష్యం కూడా చెప్పించేవారు. కాటన్ అలా చేయలేదు. లోతైన నిరాశ నుంచి ఒక్కసారిగా ఇంత ఆనందానికి లేచిన మనసు అటువైపు కూడా అదుపు తప్పవచ్చని వైద్యుడిగా జాగ్రత్తపడ్డాడు. ప్రతి ఉదయం వచ్చి కూపర్‌తో సువార్త గురించే మాట్లాడాడు, అదే సమయంలో ఆయనను గమనిస్తూ ఉన్నాడు. మార్పు నిజమేనని నమ్మకం కుదిరిన తర్వాత కూడా మరో పన్నెండు నెలలు కూపర్ అక్కడే ఉన్నాడు. 1765 జూన్‌లో వెళ్లేటప్పుడు శామ్‌ను కూడా తనతోపాటు తీసుకెళ్లాడు.

మా పరిచర్యలో ఇందుకు విరుద్ధమైనది చాలాసార్లు చూశాం. ఉపవాస ప్రార్థనలో కాస్త నెమ్మది దొరకగానే, ఇక మాత్రలు వాడితే అవిశ్వాసమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. నెల తిరగకుండానే ఆ బిడ్డ మళ్లీ మూలన కూర్చుంటాడు. షుగర్ ఉన్నవారిని మాత్ర మానమని ఏ కాపరీ అంత తేలిగ్గా చెప్పడు మరి!

హంటింగ్డన్ పట్టణంలో కూపర్‌కు అన్విన్ అనే పాదిరి కుటుంబం ఆశ్రయమిచ్చింది. 1767లో ఆ పాదిరి గుర్రం మీదనుంచి పడి చనిపోయాడు. ఆయన భార్య మేరీ అన్విన్, కూపర్ అదే ఏడు ఓల్నీ అనే ఊరికి తరలివెళ్లారు. అక్కడి కాపరి మరెవరో కాదు, ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్‌గా ఉన్న జాన్ న్యూటన్. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఓ తోటే అడ్డం. లేసు అల్లి పొట్టపోసుకునే పేదల ఊరది. కూపర్ వారి ఇళ్లకు వెళ్లేవాడు, ప్రార్థన కూడికల్లో పాల్గొనేవాడు. న్యూటన్, కూపర్ కలిసి ఆ కూడికల కోసం రాసిన పాటలే 1779లో ‘ఓల్నీ హిమ్స్’గా వచ్చాయి. 348 కీర్తనల్లో అరవైకి పైగా కూపర్‌వే. ఇంకా ఎక్కువే రాసి ఉండేవాడు, కానీ 1773 జనవరిలో వ్యాధి తిరగబెట్టింది.

ఈసారి అది మరీ క్రూరమైన రూపంలో వచ్చింది. దేవుడు తనను శాశ్వతంగా తోసివేశాడని ఫిబ్రవరిలో ఓ కలలో విన్నానని నమ్మాడు. అబ్రాహామును ఇస్సాకు విషయంలో అడిగినట్టు దేవుడు తన ప్రాణాన్ని తననే బలివ్వమన్నాడని అనుకున్నాడు. ఆ ప్రయత్నం విఫలమైతే, ఆజ్ఞ మీరినందుకు తనకిక క్షమాపణ లేదన్నాడు. లోకంలో ఎంతటి పాపికైనా క్రీస్తు రక్తం చాలునని ఆయన ఒప్పుకుంటాడు, తన ఒక్కడి విషయంలో తప్ప! ఎన్ని వాక్యాలు చూపినా, ఎంత వాదించినా ఆ నమ్మకం కదలలేదు. దీన్ని నేటి వైద్యులు భ్రాంతితో కూడిన తీవ్రమైన డిప్రెషన్ అంటారు. భ్రాంతికి గుర్తే అది, వాదనకు లొంగదు. భక్తుడికి వచ్చే భ్రాంతి చాలాసార్లు భక్తి మాటల్లోనే వస్తుంది కనుక, దాన్ని దయ్యమనో, దాచిన పాపమనో మనం పొరబడుతుంటాం.

1773 ఏప్రిల్‌లో న్యూటన్ ఇంటికి వచ్చిన కూపర్ ఇక వెళ్లనన్నాడు. పదమూడు నెలలు అక్కడే ఉండిపోయాడు. న్యూటన్‌కూ, ఆయన భార్యకూ అదెంత భారమో ఊహించవచ్చు. మేరీ అన్విన్ అయితే రాత్రీ పగలూ కాపలా కాసింది. కూపర్ ఆమెను పెళ్లి చేసుకోవాలనుకున్న ఆలోచన కూడా ఈ జబ్బుతోనే ఆగిపోయింది. న్యూటన్ ఉపదేశమే కూపర్‌కు పిచ్చెక్కించిందని తర్వాతి కాలంలో కొందరు రాశారు. ఇది న్యాయం కాదు. కూపర్‌కు మొదటి దెబ్బ తగిలింది 1753లో, న్యూటన్ పరిచయమైంది 1767లో. ఏర్పాటు సిద్ధాంతం గురించిన బోధలు ఆ భయానికి మాటలు అందించి ఉండవచ్చు. జబ్బు మాత్రం అంతకుముందే ఉంది.

1774లో నెమ్మదిగా తేరుకుంటున్నప్పుడు ఇరుగుపొరుగు పిల్లలు విసుగెత్తి వదిలేసిన ఓ కుందేలు పిల్లను కూపర్‌కు ఇచ్చారు. ఆ సంగతి తెలిసి ఊళ్లోవాళ్లు ఇంకా తెచ్చిస్తే మూడింటిని పెంచాడు. పేర్లు పస్, టైనీ, బెస్. పేర్లు ఆడపేర్లలా ఉన్నా మూడూ మగవే. వాటికి తన చేత్తో చెక్క గూళ్లు చేశాడు. పస్ అయితే 11 ఏళ్ల 11 నెలలు బతికింది. వడ్రంగం, తోటపని, బొమ్మలు గీయడం, ఉత్తరాలు రాయడం, ఇలా పొద్దుటినుంచి రాత్రిదాకా చేతికి పని ఉండేలా చూసుకున్నాడు. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఆక్యుపేషనల్ థెరపీ అంటున్నది ఇలాంటిదే. కవిత్వం రాయమని ప్రోత్సహించింది మేరీ. ఆ ఇంటికి వచ్చిపోయే లేడీ ఆస్టిన్ ఓ సాయంత్రం చెప్పిన కథ విని రాత్రంతా నవ్వుకుని రాసిందే ‘జాన్ గిల్పిన్’. 1785లో వచ్చిన ‘ది టాస్క్’ ఆయనను దేశమంతటా ప్రసిద్ధుణ్ని చేసింది. 1788లో బానిసత్వానికి వ్యతిరేకంగా పద్యాలు రాసి ఉద్యమానికి ఇచ్చాడు. తాను దేవునిచేత తోసివేయబడ్డానని నమ్ముతూనే ఇదంతా చేశాడు. జనవరి వస్తోందంటే మాత్రం ఆయనకు ప్రతి ఏడూ వణుకే.

1787లో మళ్లీ ఆరు నెలలు మంచాన పడ్డాడు. అప్పుడు ప్రాణం తీసుకోబోయిన ఆయనను కాపాడింది మేరీయే. ఆ కాలానికి మందులు లేవు. లిథియం ఉపయోగాన్ని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ చెప్పింది 1949లో, డిప్రెషన్‌కు మొదటి మాత్రలు వచ్చింది 1950లలో. ఇప్పుడు మనకు అవన్నీ ఉన్నాయి. ఆత్మహత్యాయత్నం చేసినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించాలే తప్ప శిక్షించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2022లో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మేరీ అన్విన్‌కు ఇందులో ఏ ఒక్కటీ అందుబాటులో లేదు. ఆమెకు ఉన్నదల్లా మెలకువ ఒక్కటే.

ఆ మేరీకే 1791 చివర్లో, మళ్లీ 1792లో పక్షవాతం వచ్చింది. అప్పుడు కూపర్ ఆమెకు నర్సు అయ్యాడు. చెయ్యి పట్టి నడిపించాడు. 1794 నాటికి ఆయన కూడా పూర్తిగా కుంగిపోయాడు. రాజు ఏడాదికి 300 పౌన్ల పింఛను మంజూరు చేసినా అది ఆయన మనసుకు ఎక్కలేదు. 1795లో దగ్గర బంధువు, యువకుడైన పాదిరి జాన్ జాన్సన్ ఆ ఇద్దరినీ నార్ఫోక్ ప్రాంతానికి తీసుకెళ్లి కనిపెట్టుకున్నాడు. 1796 డిసెంబరులో మేరీ కన్నుమూసింది. కూపర్ ఆమె ముఖం చూసి ఒక్కసారి కేకపెట్టి, ఆ తర్వాత ఆమె పేరు ఎన్నడూ ఎత్తలేదంటారు. 1799లో రాసిన ఆఖరి ఇంగ్లిష్ పద్యం, ఓడలోంచి సముద్రంలో పడి మునిగిపోయిన నావికుడి గురించి. అందులో మునిగింది తానేనని చదివిన ఎవరికైనా తెలుస్తుంది.

1800 ఏప్రిల్ 25న ఈస్ట్ డెరెహామ్‌లో కూపర్ చనిపోయాడు. మరణశయ్య మీద విజయగీతమేమీ లేదు, చివరిదాకా ఆయన నోట నిరీక్షణ మాట రాలేదు. మేరీని సమాధి చేసిన చర్చిలోనే ఆయననూ సమాధి చేశారు. ప్రాణం పోయిన క్షణం నుంచి పెట్టె మూసేదాకా ఆ ముఖం మీద ప్రశాంతత, దానితోపాటు ఏదో పవిత్రమైన ఆశ్చర్యం నిలిచి ఉన్నాయని, పక్కనే ఉన్న జాన్సన్ రాసుకున్నాడు.