అనాథల తండ్రి బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నం నాయుడు

ధర్మమును బోధించిన గురువులు తెలుగునాట ఎందరో కలరు. అనాథలకు అన్నము పెట్టిన దాతలును కలరు. బోధించిన ధర్మమును తన ఇంటినుండియే ఆచరింప మొదలిడి, తల్లిదండ్రులు లేని పసివారికి తానే తండ్రియై నిలిచిన గురువులు మాత్రము అరుదు. అట్టి మహనీయులలో బ్రహ్మర్షి సర్ రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు ఒకరు.

వీరు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారుగా ఉండిరి. తండ్రి ఉద్యోగము వలన బాల్యము ఉత్తరదేశమున గడచుటచే హిందీ, ఉర్దూ, పారసీక భాషలు చిన్ననాడే అలవడినవి. పిమ్మట హైదరాబాదులో చదివి, ఉన్నత విద్యకై మదరాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. ఆ కళాశాల ప్రధానాచార్యులైన విలియం మిల్లరు దొరగారి శీలము, బోధనారీతి వీరి మనస్సును మిక్కిలి ఆకర్షించినవి. ఉపాధ్యాయుడనగా పాఠము చెప్పువాడు మాత్రమే కాడనియు, శిష్యుని నడవడికి బాధ్యుడనియు వీరికి కలిగిన నమ్మకమునకు బీజము అచటనే పడెను.

1828లో రాజా రామమోహనరాయలు కలకత్తాలో స్థాపించిన బ్రహ్మసమాజ ధర్మము వీరిని ఆ యౌవనముననే ఆకర్షించెను. దేవుడొక్కడే, మానవులందరు ఆయన బిడ్డలే అను విశ్వాసము ఆ ధర్మమునకు మూలము. ఆ మాట నోట పలుకుట సులభము. ఇంట ఆచరించుట కష్టము. కులమేదో తెలియని శిశువును తన పంక్తిని కూర్చుండబెట్టుకొనగలవాడే ఆ విశ్వాసమును నిజముగా నమ్మినవాడు. నాయుడుగారి జీవితమంతయు ఈ పరీక్షకు సమాధానమని చెప్పవచ్చును.

ముప్పది ఏండ్లు నిండకమునుపే, 1889లో, వీరికి భార్యావియోగము సంభవించెను. ఆ కాలమున భార్య గతించిన పురుషుడు ఏడాది తిరుగకముందే మరల పెండ్లాడుట వాడుక. భర్త గతించిన బాలికకు మాత్రము శిరోముండనము, చీకటి గది. ఈ రెండు నీతులు ఒకే సమాజమున చెల్లుట అన్యాయమని కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరమున 1881లోనే తొలి వితంతు వివాహము జరిపించి చాటియుండిరి. నాయుడుగారు మరియొక మార్గమున ఆ అన్యాయమును ఎదుర్కొనిరి. స్త్రీకి విధించిన నియమమును తామే స్వీకరించి, పునర్వివాహము చేసికొనక, శేషించిన ఏబది సంవత్సరములును బ్రహ్మచర్యముతో గడపిరి. తెల్లని వస్త్రములనే ధరించిరి. అందుచే జనులు వారిని శ్వేతాంబర ఋషి అని పిలిచిరి.

నాటి ధనికుల ఇండ్ల పెండ్లిండ్లలో భోగము మేళము లేనిదే శుభకార్యము నిండదని భావించెడివారు. నాయుడుగారు పవిత్రతా ఉద్యమము నడపి, ఈ ఆచారమును ఉపన్యాసములలో తీవ్రముగా ఖండించిరి. స్త్రీకొక నీతి, పురుషునికొక నీతి ఉండరాదని వీరి వాదము. అయితే మేళములను మాన్పినంతమాత్రమున పని ముగియదు. ఆ వృత్తిలో పుట్టిన ఆడపిల్లలకు, దిక్కులేని బిడ్డలకు చదువును, గౌరవముగల బ్రతుకును చూపనిచో సంస్కరణము సగములోనే నిలిచిపోవును.

సికింద్రాబాదు మహబూబు కళాశాలకు ప్రధానాచార్యులుగా పనిచేసిన పిమ్మట, వీరు కాకినాడలోని పిఠాపురం రాజావారి కళాశాలకు ఆ పదవిలోనే వచ్చి, 1919 వరకు దాదాపు పదునైదేండ్లు దానిని నడపిరి. కాకినాడలోనే వీరి జీవితకార్యము ఫలించెను. పిఠాపురం మహారాజా శ్రీ సూర్యారావు బహద్దరువారు వీరిని గురువుగా భావించిరి. గురువు సంకల్పము, శిష్యుని సంపద కలిసి కాకినాడలో అనాథ శరణాలయమును, హరిజన బాలబాలికలకు వసతిగృహమును నిలిపినవి.

ఆనాడు అనాథ శిశువు దుఃస్థితి ఎట్టిదో ఇప్పటివారు ఊహించుటయు కష్టము. కలరా, మశూచి వంటి వ్యాధులు ఒక్క వారములో ఇల్లు ఖాళీ చేసెడివి. బంధువులున్న బిడ్డ వారి పంచకు చేరును. ఎవ్వరును లేని బిడ్డను చేరదీయవలెనన్న, మొదట కులమేమని ప్రశ్న వచ్చును. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము లేని బిడ్డకు తలుపు తెరచువారు అరుదు. నాయుడుగారు ఆ ప్రశ్ననే తొలగించిరి. శరణాలయము కట్టించి నౌకరులకు అప్పగించి ఊరకుండలేదు. అనాథలను తమ ఇంటను చేరదీసి కన్నబిడ్డలవలె పెంచిరి. ఆ ఇల్లు బిడ్డలతో నిండెను.

కళాశాలలోను ఇదే నీతి. బాలురతోపాటు బాలికలు చదువుకొనుటకు, హరిజన విద్యార్థులు అందరితో సమముగా కూర్చుండుటకు తలుపులు తెరచిరి. బీద విద్యార్థుల జీతములకు తమ జీతమునుండి ఇచ్చుచుండిరి. సనాతనులకు ఇది రుచింపలేదు. అయినను వీరు వెనుకకు తగ్గలేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి, గుడిపాటి వేంకటచలం వంటి రచయితలు యౌవనమున వీరి ప్రభావమునకు లోనైనవారే. చలము తరువాత గురువు శీలనియమములకు దూరముగా వేరొక దారి పట్టెను. గురువు పట్టుదల శిష్యులందరకు సరిపడలేదనుట సత్యము. కాని కులము చూడక మనిషిని చూడవలెనన్న పాఠమును ఆ శిష్యులు విడువలేదు.

1924లో ప్రభుత్వము వీరికి సర్ బిరుదము నొసగెను. 1925 నుండి 1928 వరకు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా ఉండిరి. ఇన్ని గౌరవములు వచ్చినను ఆ తెల్లని వస్త్రములు మారలేదు. ఇంటి వాకిలి మూయబడలేదు. 1939 మే 26వ తేదీన వీరు పరమపదించిరి.

పలు జిల్లాలనుండి పలు కులముల కుటుంబములు పొట్ట చేతబట్టుకొని వచ్చి స్థిరపడిన రామగుండము, గోదావరిఖని వంటి కార్మిక పట్టణములలో నేడు అందరి పిల్లలును ఒకే పాఠశాలలో, ఒకే బల్లపై కూర్చుండి చదువుచున్నారు. అది ఎంతో సహజముగా కనబడును. ఆ బల్లపై చోటు కల్పించుటకు పూర్వము కొందరు తమ ఇల్లు, జీతము, లోకుల మెప్పు వదలుకొనిరి. దిక్కులేని బిడ్డ ఎదురైనప్పుడు కులమడుగక చేయి పట్టుకొనువాడే ఆ మహనీయుని నిజమైన శిష్యుడు.