ఫస్టు ఫారం పంతులు గారి బి.ఎ. చదువు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు మా బ్యాచి ముచ్చట్లే రాద్దామనుకున్నాను. చెట్టు కింద క్లాసులు, సెలవు రోజు మూసీ కాలువల్లో ఈతలు, హైవే మీద లారీలు లెక్కబెడుతూ ఇంటికి నడిచిపోవడం. అవన్నీ మిగతావాళ్ళు నాకన్నా బాగా రాస్తారు. అందుకని వేరే ఒకరి గురించి రాస్తున్నాను. ఆయన మన కేతేపల్లివారు కారు, మన నల్లగొండ జిల్లావారూ కారు. కానీ ఆయన బతుకులో సగం మన కథే.

మన బడిలో చదివి పంతుళ్ళైనవాళ్ళం చాలామందిమి ఉన్నాం. టీటీసీ చేసి ఎస్జీటీగా చేరి, పగలు పాఠాలు చెప్పి, రాత్రి దీపం ముందు కూర్చుని బి.ఎ. పూర్తి చేసి, ఆ తరవాత బి.ఎడ్. చేసి స్కూల్ అసిస్టెంట్లయినవాళ్ళం. నేనూ ఆ బాపతే. ఆదివారం ఓపెన్ యూనివర్సిటీ క్లాసులకు పొద్దున్నే నల్లగొండ బస్సు పట్టుకుని, సోమవారం మళ్ళీ సుద్దముక్క పట్టుకున్నవాణ్ణే. ఉద్యోగం చేస్తూ చదవడం మన తరంతోనే మొదలైందని అప్పట్లో నా భ్రమ. గిడుగు వెంకట రామమూర్తి గారి జీవితం చదివాక ఆ భ్రమ వదిలింది.

ఏటా ఆగస్టు 29న మన బడుల్లో ఆయన ఫోటోకు దండ వేస్తాం. వ్యావహారిక భాషోద్యమ పితామహుడని పిల్లలతో చెప్పిస్తాం. ఏడు రోజులకు రాధాకృష్ణన్ గారి జయంతి, ఇంకో నాలుగు రోజులకు కాళోజీ జయంతి వస్తాయి, దండలు మారతాయి. గిడుగు వారు ఆరో తరగతి పిల్లలకు చరిత్ర చెప్పిన పంతులు అన్న సంగతి ఆ హడావుడిలో ఎవరికీ గుర్తుండదు.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో, శ్రీముఖలింగానికి దగ్గర్లో ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. ఊరి పక్కనే వంశధార. తండ్రి వీర్రాజు గారు విజయనగరం సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. 1875లో విషజ్వరం వచ్చి ఆయన పోయారు. పిల్లవాడికి అప్పుడు పన్నెండేళ్ళు. అక్కడితో ఆగిపోవలసిన చదువు మేనమామ గారి ఇంట్లో తలదాచుకోవడం వల్ల సాగింది. విజయనగరంలో మహారాజా వారి బడిలో చేరారు. పక్క బెంచీ దోస్తు గురజాడ అప్పారావు. రామమూర్తి గారు 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు.

ఇక్కడ ఇద్దరి దారులు చీలాయి. అప్పారావు గారు కాలేజీకి వెళ్ళారు, 1886 నాటికి బి.ఎ. అయ్యారు. రామమూర్తి గారికి ఆ వెసులుబాటు లేదు. ఇంటికి సంపాదించే పెద్దదిక్కు లేదు. మెట్రిక్ ప్యాసయిన ఏడే పెళ్ళి కూడా అయింది. 1880లో పర్లాకిమిడి వెళ్ళి, రాజావారి స్కూల్లో ముప్పై రూపాయల జీతం మీద ఫస్టు ఫారానికి చరిత్ర చెప్పే పంతులుగా చేరారు. ఫస్టు ఫారం అంటే ఇప్పటి మన ఆరో తరగతి. పంతులు గారి వయసు పదిహేడు. ఆ వయసువాళ్ళు ఇప్పుడు మన దగ్గర ఇంటర్ సెకండియర్‌లో ఉంటారు.

జీతం వస్తోంది, ఇల్లు గడుస్తోంది, అక్కడితో ఆగిపోయినా ఎవరూ తప్పుపట్టరు. ఆయన ఆగలేదు. కాలేజీ గడప తొక్కకుండానే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఎ. ప్యాసయ్యారు. ఎఫ్.ఎ. అంటే ఇప్పటి ఇంటర్‌తో సమానం. లెక్క చూడండి. తోటివాడు బి.ఎ. పట్టా చేత పుచ్చుకున్న ఏడు ఈయన ఇంకా ఇంటర్ దాటుతున్నారు. దాని తరవాత బి.ఎ. చేతికి రావడానికి మరో ఎనిమిది పదేళ్ళు పట్టింది. ప్రధాన విషయం చరిత్ర. ఆ పట్టా వచ్చేసరికి ఆయనకు ముప్పై దాటాయి, పంతులుగిరీలో పుష్కరం గడిచిపోయింది. ఆలస్యమైనా మామూలుగా గట్టెక్కలేదు, మంచి స్థానంలో నిలిచారు. దాంతో పై తరగతులకు పాఠం చెప్పే అర్హత వచ్చింది.

మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షకు పర్లాకిమిడిలో కూర్చుని చదవడమంటే ఏమిటో ఊహించండి. గైడ్లు లేవు, స్టడీ మెటీరియల్ లేదు, అనుమానం వస్తే అడగడానికి లెక్చరర్ లేడు. నాకు కనీసం ఆదివారం నల్లగొండ బస్సు ఉంది.

ఇంతవరకైతే ఇది పట్టుదల కథ. అలాంటి కథలు మన సంచికలోనే నాలుగైదు ఉంటాయి. నన్ను ఆపి ఆలోచింపజేసింది వేరే సంగతి. మనం డిగ్రీ ఎందుకు చదివాం? నిజం చెప్పుకుందాం, మనలో మనమే కదా. ప్రమోషన్ కోసం, ఇంక్రిమెంటు కోసం, సీనియారిటీ లిస్టులో పేరు పైకి పోవడం కోసం. అందులో తప్పేమీ లేదు, పిల్లల్ని సాకాలి. రామమూర్తి గారికీ ఆ అవసరం ఉండే ఉంటుంది. అయితే ఆయన చరిత్ర పుస్తకాన్ని పరీక్ష అయిన మర్నాడు అటక మీద పెట్టలేదు.

ఆ రోజుల్లోనే ముఖలింగం గుళ్ళకు వెళ్ళి గోడల మీద ఉన్న శాసనాలు సొంతంగా చదవడం మొదలుపెట్టారు. పాత లిపి నేర్పే గురువు లేకుండానే అక్షరం అక్షరం కూడబలుక్కుని, కళింగాన్ని ఏలిన గాంగ వంశం రాజుల సంగతులు బయటికి తీశారు. వాటి మీద ఇంగ్లీషులో రాసిన వ్యాసాలు ఇండియన్ యాంటిక్వెరీ వంటి పత్రికల్లో అచ్చయ్యాయి. బళ్ళో చెప్పే చరిత్ర పాఠానికి, బండి కట్టుకుపోతే చేరుకోగల దూరంలో ఉన్న గుడి గోడకు ఆయన ముడి వేశారు. మన పక్కన పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం ఉంది, కందూరు చోడుల నాటిది. ఇన్నేళ్ళ సర్వీసులో పిల్లల్ని అక్కడికి పిక్నిక్‌కే తీసుకుపోయాను గానీ పాఠానికి ఒక్కసారీ తీసుకుపోలేదు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. కొండల్లో సవరలు. వాళ్ళు సంతకు వచ్చి తమలో తాము మాట్లాడుకునే భాష తెలుగూ కాదు, ఒరియా కాదు, ముండా కుటుంబానిది. ఆ పిల్లలకు చదువు చెప్పాలన్న కోరిక ఈ పంతులు గారికి పుట్టింది. మనమైతే ముందు వాళ్ళకు తెలుగు నేర్పి ఆ తరవాత పాఠం చెబుతాం. ఆయన తిరగేశారు. ముందు తానే సవర నేర్చుకోవాలన్నారు. తెలుగు, సవర రెండూ తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. సవర భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ళకు జీతాలిచ్చి, ఆ పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. భాషాశాస్త్రం చెప్పే పీఠం మన విశ్వవిద్యాలయాల్లో ఇంకా లేని కాలమది. అదీ పుస్తకాలు తెప్పించుకుని తానే చదువుకున్నారు.

ఈ పనికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ మందు వల్ల చెవులు దెబ్బతిన్నాయి. ఒక భాషలోని ధ్వనులను జీవితమంతా చెవి ఒగ్గి విన్న మనిషికి చివరకు చెవుడే మిగిలింది. ప్రభుత్వం 1913లో రావుబహదూర్ బిరుదు ఇచ్చింది, తరవాత కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వమే అచ్చువేసింది. పని మొదలుపెట్టినప్పటి నుంచి లెక్కేస్తే దాదాపు నలభై ఏళ్ళ శ్రమ.

1911లో ముప్పై ఏళ్ళ సర్వీసు కాగానే తానే ఉద్యోగం మానుకున్నారు. విశ్రాంతికి కాదు. అంతకు కొన్నేళ్ళ ముందు యేట్స్ అనే దొర ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, చిన్న తరగతుల పిల్లలు చదివే పుస్తకాల్లోని తెలుగు మరొకటి ఎందుకున్నాయన్నది అతనికి అంతుపట్టలేదు. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను గిడుగు వైపు, గురజాడ వైపు మళ్ళించారు. పాత దోస్తులిద్దరూ మళ్ళీ ఒక బెంచీ మీదికి వచ్చారు. మనం వాడుక భాషోద్యమాన్ని కవుల గొడవగా, పండితుల గొడవగా చెప్పుకుంటాం. నా మటుకు నాకది తరగతి గది గొడవ. పిల్లవాడు తనకు తెలిసిన సంగతిని తన మాటల్లో కాయితం మీద పెట్టగలడా లేదా అన్న పేచీ అది. సవర పిల్లల దగ్గర నేర్చుకున్నదే ఆయన తెలుగు పిల్లలకూ అడిగారు.

స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని పాత భాషలో గానీ కొత్త భాషలో గానీ రాయవచ్చని మొదట అనుమతి వచ్చింది. దాని మీద పెద్ద దుమారం లేచింది. జయంతి రామయ్య పంతులు గారి వంటి ఉద్దండులు ఎదురు నిలిచారు. చివరకు విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపే మొగ్గింది. రామమూర్తి గారు వెనక్కి తగ్గలేదు. సభ సభకూ పుస్తకాల మోపుతో వెళ్ళేవారు. గ్రాంథికమే రాయాలన్న పండితుల రాతల్లోనే వాళ్ళ వ్యాకరణం ప్రకారం తప్పులేరి చూపించారు. ఆ పుస్తకం పేరు ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం. పేరు పలకడానికే పిల్లలు తడబడతారు, అది వేరే సంగతి. 1919లో తెలుగు అనే మాసపత్రిక పెట్టి ఏడాది పాటు నడిపారు. ఆ ఏడే రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు గారు అధ్యక్షులుగా, తాను కార్యదర్శిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం స్థాపించారు. ఒకప్పుడు గ్రాంథికంలో రాసిన వీరేశలింగం గారు ఆ వయసులో ఇటు రావడం చిన్న విజయం కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మన ప్రాంతం పంతులుగా నాకు తృప్తి ఉండదు. ఆయన అడిగింది శిష్టులు మాట్లాడే వాడుక భాష. అది కోస్తాలో చదువుకున్నవారి తెలుగు. ఆ కాలంలో మన తాతలు నిజాం ఏలుబడిలో ఉర్దూలో పాఠాలు చదువుతూ, ఇంట్లో మన తెలుగు మాట్లాడుతూ ఉన్నారు. వాళ్ళ మాట ఆ వాదంలో లేదు. తరవాత పుస్తకాల్లోకి వాడుక భాష వచ్చినప్పుడు మన కేతేపల్లి మాట రాలేదు. ఆరో తరగతి పిల్లవాడొకడు వ్యాసంలో నేను మా తాత తోని మూసీ కట్ట మీదికి పోయిన అని రాస్తే, పోయిన కింద ఎర్ర గీత గీసి వెళ్ళాను అని రాసినవాణ్ణి నేనే. ఆ పిల్లవాడు తరవాతి వ్యాసాల్లో తాతను గానీ మూసీ కట్టను గానీ మళ్ళీ రాయలేదు. పుస్తకంలో ఉన్న వాక్యాలే దించేవాడు. మార్కులు బాగానే వచ్చేవి. గిడుగు వారి గురించి ఉపన్యాసం తయారు చేసుకుంటున్న రాత్రి ఆ నోటుబుక్కు గుర్తొచ్చింది. ఆయన పేరు చెప్పి దండ వేస్తూ, ఆయన ఎవరితో కొట్లాడారో వాళ్ళ పని నేను చేశానన్నమాట. ఆ ఏడు ఉపన్యాసం పొట్టిగా ముగించాను.

ఆయన చివరి రోజులు పర్లాకిమిడిలో గడవలేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. తెలుగు వాళ్ళ ఊరు అటు పోవడం ఆయనకు సమ్మతం కాలేదు. పదిహేడేళ్ళ పంతులుగా వచ్చి యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. కాలేజీలో ఒక్క రోజూ కూర్చోకుండా డిగ్రీ తెచ్చుకున్న మనిషికి విశ్వవిద్యాలయమే ఎదురొచ్చి ఇచ్చిన పట్టా అది. 1940 జనవరిలో, వాడుక భాషలో రాయండని పత్రికల సంపాదకులను మరొకసారి కోరారు. ఆ నెల 22న కన్నుమూశారు. కొడుకు గిడుగు వెంకట సీతాపతి గారు అప్పటికే సవర భాష పనిలో తండ్రి వెంట నడుస్తున్నారు. ఆ తరవాతా నడిచారు.