నదులను, తీగెలను కలుపదలచిన మనీషి

గౌతమీతీరమునందలి ఆలమూరులో ఏ రైతు నడిగినను తన చేనికి నీరెచ్చటినుండి వచ్చుచున్నదో చెప్పగలడు. ధవళేశ్వరముకడ గోదావరికి అడ్డముగా నిలిచిన కట్ట అతడెరిగినదే. కాని తన యింట వెలుగు దీపమునకు శక్తి యెచ్చట పుట్టినదో చెప్పుట ఎంతటివానికిని సాధ్యము కాదు. దేశమందలి విద్యుత్కేంద్రములు నేడొకే తీగెల యల్లికలో కలిసియున్నవి. మిగులు గల చోటినుండి కొరత గల చోటికి నీటినివలెనే విద్యుత్తునుగూడ పంపవలెనని పట్టుపట్టిన ఆంధ్రుడు డాక్టరు కానూరి లక్ష్మణరావు.

రావుగారు 1902 జూలై 15వ తేదీన కృష్ణాజిల్లా కంకిపాడులో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. బడిలో చదువు దినములలో ఆటలయందు తగిలిన దెబ్బచే ఒక కంటిచూపు పోయెను. అయినను చదువు సాగినది. మద్రాసు విశ్వవిద్యాలయమునుండి ఇంజనీరింగులో మాస్టరు పట్టమును మొట్టమొదట పొందినవారు ఆయనయే. 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరేటు నిచ్చెను. రంగూనులో అధ్యాపకత్వము నెరపిరి. కాంక్రీటు నిర్మాణములపై గ్రంథము రచించిరి.

స్వదేశమున మద్రాసు ప్రభుత్వపు డిజైను ఇంజనీరుగా రామపాదసాగర ప్రణాళికకు కృషిచేసిరి. ఆలమూరుకు ఎగువన, గోదావరి కొండలను వీడి మైదానమున అడుగుపెట్టు పోలవరముకడ తలపెట్టిన ఆనకట్ట అది. నాడది కాగితములపైననే నిలిచిపోయెను. రాతికట్టడముతో లేచిన నాగార్జునసాగరపు రూపకల్పనలో మాత్రము ఆయన ప్రజ్ఞ ఫలించెను.

1962లో విజయవాడనుండి లోక్‌సభకు ఎన్నికైన రావుగారు మరుసటి యేడు కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖకు మంత్రియైరి. ఆ యేడే పద్మభూషణ బిరుదము లభించెను. నాడు రాష్ట్రముల విద్యుద్బోర్డులు దేనికదియే యన్నట్లుండెను. ఒకచోట శక్తి మిగిలినను పొరుగుచీకటి తీరెడిది కాదు. ఆయన మంత్రిత్వకాలముననే, 1964లో, దేశమును ఐదు ప్రాంతములుగా విభజించి ప్రాంతీయ విద్యుద్బోర్డుల నేర్పరచిరి. పల్లెలకు తీగెలు సాగించుటకు 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వెలసెను.

1972లో ఆయన గంగాకావేరుల సంగమమును ప్రతిపాదించిరి. అది 2,640 కిలోమీటర్ల కాలువ. దారిలోని యెత్తులకు నీటిని తోడుటకు వేలకొలది మెగావాట్లు కావలెను. ఆ శక్తియు, ఆ వ్యయమును భరింపరానివని ప్రణాళికను పక్కన బెట్టిరి. నదులు కలియవలెనన్నచో ముందు విద్యుత్తు సమృద్ధి కావలెనని ఆ వైఫల్యమే చాటెను. 1986 మే 18న రావుగారు కన్నుమూసిరి. తీగెలు మాత్రము కలిసినవి. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరుల నడుమ 765 కిలోవోల్టుల తీగె దక్షిణదేశమును తక్కిన భారతముతో ఒకే పౌనఃపున్యమున ముడివేసెను.

కలుపుట యొక యెత్తు, పంచుట యొక యెత్తు. కాలువకు తూమెట్టిదో తీగెకు ట్రాన్స్‌ఫార్మరట్టిది. వీధిచివరనున్న ట్రాన్స్‌ఫార్మరు ఇనుపరేకులు, రాగిచుట్టలు, నూనె గల పెట్టె. వోల్టేజిని దించును గాని ప్రవాహమును దిద్దుట ఎరుగదు. అది లస్కరు లేని తూము. ఆ లోపమును తీర్పవచ్చినది సాలిడ్ స్టేట్ ట్రాన్స్‌ఫార్మరు. సిలికాన్ కార్బైడు వంటి అర్ధవాహకములతో చేసిన మీటలు సెకనుకు 50 ఆవర్తనములు గల విద్యుత్తును వేలకొలది ఆవర్తనములకు పెంచును. ఆవర్తనములు పెరిగినకొలది లోపలి ఇనుపదిమ్మె చిన్నదగును. ఇంటికప్పుపైని సౌరఫలకములు మిగిల్చిన శక్తిని అది వెనుకకు పంపగలదు. బ్యాటరీలకు ఏకముఖ విద్యుత్తు నీయగలదు. వోల్టేజి తడబడినచో సరిచేయగలదు. 25 కిలోవోల్టుల తీగెక్రింద నడచు మన రైలింజన్లు మోయు బరువుగూడ దానిచే తగ్గగలదు. అట్టి యంత్రమును 2012లో స్విట్జర్లాండున ఒక రైలింజనులో పరీక్షించిరి. ధర యెక్కువ, పిడుగుపాటుల కోర్చు సత్తువ పాతపెట్టెకే హెచ్చు. కావున పల్లెస్తంభము నెక్కుటకు దానికింకను కాలము పట్టును.

కృష్ణానదిపైని పులిచింతల ప్రాజెక్టు నేడు రావుగారి పేరు ధరించియున్నది. అంతకంటె పెద్ద స్మారకము పేరులేనిది. ఎవరి దీప మెవరి శక్తితో వెలుగుచున్నదో తెలియని యీ యల్లికయే అది. దానిలో ప్రతిపల్లెకును న్యాయమైన పాలు చేర్చు తూములను కట్టుట రాబోవు ఇంజనీర్ల వంతు.