ప్రక్కవాద్యమునకు పట్టాభిషేకము

వయొలిన్ పాశ్చాత్యుల వాద్యము. 19వ శతాబ్ది ఆరంభమున బాలుస్వామి దీక్షితులు మొదలగువారు దానిని కర్ణాటక సంగీతమునకు అలవరచినను, నూరేండ్లకు పైగా అది గాయకుని ప్రక్కనే కూర్చుండినది. దానిని ముందు వరుసకు తెచ్చినవారిలో అగ్రగణ్యులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు.

1893లో బెంగుళూరున జన్మించి విశాఖపట్టణమున పెరిగిన ఆయనకు బాల్యము నుండియు చూపు మందము. బడిచదువు సాగలేదు, అన్నగారు వెంకటకృష్ణయ్యగారే గురువైరి. 1919లో విజయనగర సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోగా, వాద్యము విన్న ఆదిభట్ల నారాయణదాసుగారు ఆచార్య పదవినే ఇప్పించిరి! 1936లో ఆ కళాశాలకు నాయుడుగారే అధ్యక్షులైరి.

1938లో వెల్లూరున ఆయన వయొలిన్‌నే ప్రధాన వాద్యముగా నిలిపి కచేరి చేసిరి. గాత్రము లేనిచోట సాహిత్యము వినబడదు. శ్రోతకు కంఠస్థమైన త్యాగరాజకృతి తీగపై మూగబోవచ్చును. సాహసమంతయు ఇచ్చటనే యున్నది. ఎరిగిన పాటను మాటలు లేక పలికించు చిక్కు అన్ని దేశములదే. అమెరికా జాజ్ త్రయములలో పియానో వాదకుడు అట్టి పాటను విడదీసి కొత్తగా కూర్చును. నాయుడుగారు కృతి స్వరూపమును కదల్పలేదు. కమానును నిండుగా నడుపు పాశ్చాత్య పద్ధతిని గ్రహించి, గమకమును మాత్రము మనదిగనే నిలిపిరి. పాత కృతియే కొత్తగా వినబడెను.

1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనను సంగీత కళానిధిగా గౌరవించెను. 1957లో పద్మశ్రీ లభించెను. 1964లో ఆయన దివంగతులైరి.