విలియం రాక్స్‌బర్గ్

మెట్టభూములలో తంగేడు, వాక, సముద్రతీరంలో మొగలి. నిమ్మాడ నుండి ఉద్దానం తీరం వరకు పొదలు కనిపించని ఊరు అరుదు. వానలు కరవైనా, ఇసుక కాగినా అవి తట్టుకొని నిలుస్తాయి. ఇటువంటి పొదలను సైతం మహావృక్షాలతో సమానంగా పరిశీలించి, వాటి తెలుగు పేర్లను శాస్త్రగ్రంథాలలో పొందుపరచిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్.

ఆయన 1751లో స్కాట్లండులో జన్మించారు. ఎడింబరోలో విద్యాభ్యాసం ముగించి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసు చేరారు. 1781 నుండి సామర్లకోటలో నివసిస్తూ, దేశీయ చిత్రకారులచేత మొక్కల చిత్రాలు గీయించారు. 1787లో సంభవించిన ఉప్పెనలో ఆయన గ్రంథాలు, వ్రాతప్రతులు కొట్టుకొనిపోయాయి. అయినా ఆయన నిరుత్సాహపడక కృషిని కొనసాగించారు.

కొద్దికాలానికే ఉత్తర సర్కారులలో ఘోరక్షామం నెలకొన్నది. వాతావరణ వివరాలను శ్రద్ధతో నమోదు చేస్తూ వచ్చిన రాక్స్‌బర్గ్, అనావృష్టిలోనూ ప్రజలకు ఆహారమివ్వగల కొబ్బరి, పనస వంటి చెట్లను విరివిగా పెంచాలని పాలకులకు సూచించారు.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి అయ్యారు. 1795లో ఎర్రరంగు పరిశ్రమకై బ్రెజిల్ నుండి కొచినీల్ పురుగులను అక్కడికి తెచ్చారు. అవి మేలురకానివి కావు. ఆశించిన రంగు లభించలేదు. కాని అవి ఒక జాతి జెముడు పొదలపై వ్యాపించి, వాటిని విస్తారంగా నాశనం చేశాయి. 1860ల నాటికి ఆ పురుగులను దక్షిణ భారతంలోనూ కలుపు నిర్మూలనకు వినియోగించారు. అయితే నాగజెముడు వాటికి లొంగలేదు. దానిని అదుపు చేయడానికి 1926లో సింహళం నుండి మరొక జాతి పురుగును తేవలసి వచ్చింది. ఒక పొద విస్తరించడం, క్షీణించడం వాన, నేలలపై మాత్రమే కాక, దానిని తినే ప్రాణిపై కూడా ఆధారపడుతుందని ఈ ఉదంతం నిరూపించింది.

రాక్స్‌బర్గ్ 1815లో ఎడింబరోలో మరణించారు. మూడు వందల చిత్రాలతో కూడిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలోని చివరి సంపుటం ఆయన మరణానంతరమే పూర్తిగా వెలువడింది. ఏ పొద ఎక్కడ పెరుగుతున్నదో, దాని పేరేమో వ్రాసి ఉంచితేనే, అది తరిగిపోతున్నదని తరువాతి తరం గుర్తించగలదు. రాక్స్‌బర్గ్ వ్రాతల విలువ అదే.