నీటిలోని నిప్పు: ఫ్రాన్సిస్ థామస్ బేకన్

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక సూత్రాన్ని కనుగొనడం ఎంత గొప్ప విషయమో, ఆ సూత్రాన్ని పనిచేసే యంత్రంగా మలచడం కూడా అంత గొప్ప విషయమే. మొదటిది ఒక్క క్షణంలో మెరిసే ప్రతిభ కావచ్చు. రెండవది ఏళ్ల తరబడి సాగే తపస్సు. హైడ్రోజన్ ఇంధన ఘటాన్ని ప్రయోగశాల వింత స్థాయి నుంచి చంద్రయాత్రకు తోడ్పడే సాధనంగా తీర్చిదిద్దిన ఇంజనీరు జీవితాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

నీరూ నిప్పూ పరస్పర విరుద్ధాలు. అయినా సముద్రగర్భంలో బడబాగ్ని దాగి ఉంటుందని మన పురాణాలు చెప్పాయి. ఆధునిక రసాయన శాస్త్రం నీటిలోని నిప్పును మరొక తీరులో చూపింది. నీటిని విద్యుత్తుతో విడగొడితే హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు వెలువడతాయి. ఒకటి మండే వాయువు, మరొకటి మండించే వాయువు. ఆ రెండూ తిరిగి కలిసినప్పుడు శక్తి విడుదలై మళ్లీ నీరే మిగులుతుంది. ఆ కలయికలో పొగ ఉండదు, బూడిద ఉండదు. దానిని మంటగా కాక నేరుగా విద్యుత్తుగా మార్చే సాధనమే ఇంధన ఘటం.

ఇంధన ఘటాన్ని తొలుత నిర్మించి చూపినవాడు విలియం రాబర్ట్ గ్రోవ్. వేల్స్ ప్రాంతానికి చెందిన ఈయన వృత్తిరీత్యా న్యాయవాది, ప్రవృత్తిరీత్యా శాస్త్రజ్ఞుడు. పలుచని గంధకామ్లంలో నిలిపిన ప్లాటినం పలకలకు ఒక వైపు హైడ్రోజన్‌ను, మరొక వైపు ఆక్సిజన్‌ను అందించి 1842 నాటికి ఆయన వాయు ఘటమాలను రూపొందించాడు. కాని దాని నుంచి వచ్చిన విద్యుత్తు స్వల్పం. వాయువు, ద్రవం, లోహం అనే మూడూ ఒకచోట కలిసే సన్నని అంచు వద్ద మాత్రమే రసాయన చర్య సాగడం అందుకు కారణం. పైగా ప్లాటినం ఖరీదైన లోహం. అంతలో డైనమో ప్రవేశించింది. బొగ్గును కాల్చి, ఆవిరిని పుట్టించి, యంత్రాలను తిప్పి విద్యుత్తును తీయడం సులభమైంది. గ్రోవ్ ఘటం దాదాపు 100 సంవత్సరాల పాటు గ్రంథాలలోనే మిగిలిపోయింది. దానిని మళ్లీ వెలుగులోకి తెచ్చినవాడు బేకన్.

ఫ్రాన్సిస్ థామస్ బేకన్ 1904 డిసెంబర్ 21న ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో జన్మించాడు. ప్రసిద్ధ తత్త్వవేత్త సర్ ఫ్రాన్సిస్ బేకన్ వంశానికి చెందిన కుటుంబం వారిది. ఈటన్ పాఠశాలలోను, ఆ తరువాత కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలోను చదివి 1925లో యంత్రశాస్త్రంలో పట్టం పొందాడు. ఆ కేంబ్రిడ్జిలోనే 1923లో జె.బి.ఎస్. హాల్డేన్ ఒక ఉపన్యాసం చేస్తూ, బొగ్గు నిల్వలు తరిగిపోయిన నాడు గాలిమరల విద్యుత్తుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్‌ను నిల్వ చేసుకోవలసి వస్తుందని ఊహించాడు. ఆ హాల్డేన్ కాలాంతరంలో భారతదేశానికి వచ్చి స్థిరపడి, భారత పౌరసత్వం స్వీకరించి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించాలని మరణశాసనం వ్రాసి తెలుగువారికి ఆత్మీయుడయ్యాడు. హాల్డేన్ చేసినది ఊహ. ఆ ఊహకు కావలసిన యంత్రాన్ని నిర్మించే బాధ్యత బేకన్ తలకెత్తుకున్నాడు.

చదువు ముగిసిన వెంటనే బేకన్ న్యూకాజిల్‌లోని పార్సన్స్ సంస్థలో చేరాడు. ఆవిరి టర్బైన్లకు ప్రపంచ ప్రసిద్ధి పొందిన సంస్థ అది. అక్కడ పనిచేస్తూ ఉండగా 1932లో హైడ్రోజన్ శక్తిని గురించిన వ్యాసాలు ఆయన దృష్టిని ఆకర్షించాయి. విద్యుత్తుకు పగలు ఉన్నంత గిరాకీ రాత్రి ఉండదు. అప్పుడు మిగిలిపోయే విద్యుత్తుతో నీటిని విడగొట్టి వాయువులను నిల్వ చేయవచ్చు. అవసరమైన వేళ ఆ వాయువులను తిరిగి విద్యుత్తుగా మార్చుకోవచ్చు. అయితే హైడ్రోజన్‌ను ఇంజనులో మండిస్తే శక్తిలో చాలా భాగం వేడిగా వృథా అవుతుంది. ఉష్ణయంత్రాలన్నింటికీ ప్రకృతి విధించిన హద్దు అది. ఇంధన ఘటం ఉష్ణయంత్రం కాదు కనుక ఆ హద్దు దానికి వర్తించదు. ఈ ఆలోచనే బేకన్ జీవితానికి దిక్సూచి అయింది.

ఆయన 1937 నుంచి సొంతంగా ప్రయోగాలు ప్రారంభించాడు. అధిక పీడనంలో ఉన్న హైడ్రోజన్‌తో పని ప్రమాదకరం. సంస్థ ఆవరణలో అటువంటి ప్రయోగాలు రహస్యంగా సాగుతున్న సంగతి యాజమాన్యానికి తెలిసింది. ప్రయోగాలు మానుకోవాలి, లేదా ఉద్యోగం వదులుకోవాలి అని వారు తేల్చి చెప్పారు. భద్రత దృష్ట్యా వారి మాట కాదనదగినది కాదు. అప్పటికి బేకన్‌కు 35 ఏళ్లు. పదిహేనేళ్ల అనుభవం ఉన్న ఉద్యోగం ఒక వైపు, ఫలిస్తుందో లేదో తెలియని పరిశోధన మరొక వైపు. 1940లో ఆయన ఉద్యోగాన్ని వదులుకున్నాడు.

ఛార్లెస్ మెర్జ్ అనే ప్రముఖ విద్యుత్ ఇంజనీరు అండతో లండన్ కింగ్స్ కళాశాలలో పరిశోధన మొదలయింది. కాని అది రెండవ ప్రపంచ యుద్ధ కాలం. ఆ సంవత్సరం అక్టోబరులో జరిగిన వైమానిక దాడిలో మెర్జ్ మరణించాడు. బేకన్ 1941 నుంచి స్కాట్లండులోని ఫెయిర్లీలో జలాంతర్గాముల ఉనికిని పసిగట్టే సాధనాలపై యుద్ధకాల సేవ చేయవలసి వచ్చింది. ఇంధన ఘటం పని ఐదేళ్లు ఆగిపోయింది.

యుద్ధం ముగిశాక 1946లో ఆయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పరిశోధనను పునఃప్రారంభించాడు. ఆయన ఎదుట నిలిచిన సమస్యలు ప్రధానంగా మూడు.

మొదటిది ఖర్చు. ప్లాటినానికి బదులు చౌకైన నికెల్‌ను వాడాలని ఆయన నిశ్చయించాడు. ఆమ్లంలో నికెల్ నిలవదు. అందువల్ల ఆమ్లాన్ని విడిచి పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షార ద్రావణాన్ని ఎంచుకున్నాడు. నికెల్ చురుకుగా పనిచేయాలంటే వేడి కావాలి. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రావణం మరిగి ఆవిరి కాకుండా ఉండాలంటే పీడనం కావాలి. అందుకే ఆయన ఘటం వాతావరణ పీడనానికి దాదాపు 40 రెట్ల పీడనంలో పనిచేసింది. ఒక సమస్యకు పరిష్కారం వెదికితే అది మరొక సమస్యకు ద్వారం తెరిచింది.

రెండవది వాయువుకూ ద్రవానికీ నడుమ సరిహద్దును నిలపడం. చర్య జరిగే చోటు విస్తరించాలంటే ఎలక్ట్రోడు నిండా సూక్ష్మరంధ్రాలు ఉండాలి. కాని ఆ రంధ్రాలలోకి ద్రవం నిండితే వాయువుకు చోటు ఉండదు. వాయువు ద్రవంలోకి బుడగలుగా చొచ్చుకొనిపోతే ఇంధనం వృథా అవుతుంది. బేకన్ నికెల్ పొడిని కాల్చి గట్టిపరచి, రెండు పొరల పలకలు తయారు చేశాడు. ద్రవం వైపు పొరలో సన్నని రంధ్రాలు, వాయువు వైపు పొరలో వాటికంటే పెద్ద రంధ్రాలు ఏర్పరచాడు. సన్నని రంధ్రాలు కేశనాళికల వలె ద్రవాన్ని పట్టి ఉంచాయి. కొద్దిపాటి అదనపు పీడనంతో వాయువు పెద్ద రంధ్రాలను ఆక్రమించింది. సరిహద్దు సరిగ్గా రెండు పొరల నడుమ నిలిచింది. ఇంత చిన్న ఏర్పాటులో ఎంత దూరదృష్టి ఉందో గమనించదగినది.

మూడవది లోహక్షయం. వేడి క్షారంలో ఆక్సిజన్ తగిలి నికెల్ పలక క్రమంగా ఆక్సైడుగా మారిపోయేది. ఆ ఆకుపచ్చని ఆక్సైడు విద్యుత్తును ప్రసరింపనీయదు. ఘటం కొంతకాలం పనిచేసి నీరసించేది. ఎన్నో ప్రయత్నాల తరువాత ఈ చిక్కు విడింది. నికెల్ పలకను లిథియం సమ్మేళన ద్రావణంలో తడిపి, గాలిలో అధిక ఉష్ణోగ్రతకు వేడిచేస్తే దానిపై నల్లని పొర ఏర్పడింది. లిథియం చేరిన ఆ నికెల్ ఆక్సైడు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, లోపలి లోహాన్ని కాపాడుతుంది. లోహానికి శత్రువైన ఆక్సైడే దానికి కవచమయింది.

బేకన్ బృందం 1954లో ఆరు ఘటాలతో కూడిన చిన్న ఘటమాలను లండన్‌లో ప్రదర్శించింది. చూసినవారు మెచ్చుకున్నారే కాని, ధనం పెట్టడానికి ముందుకు రాలేదు. అంతవరకు అందిన ఆర్థిక సహాయం కూడా నిలిచిపోయింది. భర్తృహరి మనుషులను మూడు తెగలుగా విభజించాడు. విఘ్నాలకు వెరచి పని మొదలుపెట్టనివారు అధములు. మొదలుపెట్టి విఘ్నం ఎదురైతే విడిచేవారు మధ్యములు. ఎన్ని విఘ్నాలు కలిగినా పట్టు విడువనివారు ఉత్తములు. బేకన్ ఈ మూడవ తెగకు చెందినవాడు. చివరకు బ్రిటన్ జాతీయ పరిశోధనాభివృద్ధి సంస్థ ఆయనకు అండగా నిలిచింది. 1959లో 40 ఘటాలతో 5 కిలోవాట్లకు పైగా విద్యుత్తునిచ్చే యంత్రం కేంబ్రిడ్జిలో సిద్ధమయింది. బరువులెత్తే వాహనాన్ని, రంపపు యంత్రాన్ని, వెల్డింగు పరికరాన్ని దానితో నడిపి చూపారు. పరిశోధనకు అంకురం పడిన 27 ఏళ్లకు ఫలం చేతికి అందింది.

ఆ ఫలాన్ని అందుకున్నది అమెరికా. ప్రాట్ అండ్ విట్నీ సంస్థ బేకన్ పేటెంట్ల ఆధారంగా అపోలో వ్యోమనౌకలకు ఇంధన ఘటాలను తయారు చేసింది. రోజుల తరబడి సాగే చంద్రయాత్రకు సాధారణ బ్యాటరీలను వాడితే వాటి బరువే భారమవుతుంది. ఇంధన ఘటం తేలిక. అంతేకాక అందులో పుట్టే నీరు వ్యోమగాముల దాహం తీర్చింది. ప్రతి నౌకలోను మూడు యంత్రాలు, ఒక్కొక్క యంత్రంలో 31 ఘటాలు అమర్చారు. 1969 జులైలో అపోలో 11 చంద్రుని చేరినప్పుడు ఆ నౌకకు విద్యుత్తును అందించినవి ఇవే. ఆ సంవత్సరమే లండన్ వచ్చిన వ్యోమగాములకు బ్రిటన్ ప్రధాని నివాసంలో విందు జరిగినప్పుడు బేకన్ అతిథిగా వెళ్లాడు. 1970 ఏప్రిల్‌లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలిపోయి ఈ ఘటాలు ఆగిపోవడంతో ముగ్గురు వ్యోమగాముల ప్రాణాలు అపాయంలో పడ్డాయి. ఆ నౌకకు అవి ఎంతటి ప్రాణాధారమో లోకానికి అప్పుడు తెలిసివచ్చింది.

బేకన్ 1973లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1991లో, తన పూర్వగామి పేరిట నెలకొల్పిన గ్రోవ్ పతకాన్ని అందుకున్న తొలి వ్యక్తి అయ్యాడు. 1992 మే 24న కన్నుమూశాడు.

అయితే ఆయన కల ఆకాశానికి సంబంధించినది కాదు. మిగులు విద్యుత్తును నేలమీద నిల్వ చేయాలన్నదే ఆయన ఆశయం. అది నెరవేరడానికి అడ్డంకులు అనేకం. గాలిలోని బొగ్గుపులుసు వాయువు క్షార ద్రావణాన్ని చెడగొడుతుంది కనుక ఆయన ఘటానికి శుద్ధమైన ఆక్సిజన్ కావాలి. ఒక కిలో హైడ్రోజన్‌లో ఒక కిలో పెట్రోలులో కంటే దాదాపు మూడు రెట్ల శక్తి ఉంది. కాని సాధారణ స్థితిలో ఆ ఒక్క కిలో 11 ఘనమీటర్లకు పైగా చోటును ఆక్రమిస్తుంది. దానిని వాహనాల్లో వాతావరణ పీడనానికి 700 రెట్ల వరకు అదిమి నింపాలి, లేదా మైనస్ 253 డిగ్రీల వరకు చల్లబరచి ద్రవంగా మార్చాలి. ఈ సూక్ష్మమైన వాయువు కొన్ని ఉక్కు రకాలలోకి చొరబడి వాటిని పెళుసుగా మారుస్తుంది. నీటిని విడగొట్టి, నిల్వ చేసి, తిరిగి విద్యుత్తుగా మార్చేసరికి మొదటి శక్తిలో సగానికి పైగా ఖర్చవుతుంది. అందుకే నేటికీ హైడ్రోజన్‌లో అత్యధిక భాగం సహజవాయువు నుంచి, బొగ్గు నుంచి తయారవుతున్నది.

భారత ప్రభుత్వం 2023 జనవరిలో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించి, 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తిని లక్ష్యంగా నిర్ణయించుకుంది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని అనకాపల్లి జిల్లా పూడిమడక వద్ద హరిత హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. ఈ కార్యంలో పాలుపంచుకోబోయే యువతకు బేకన్ జీవితం ఒక మార్గదర్శి. ప్రకృతి నియమం ఒక వాక్యంలో ఇమిడిపోవచ్చు. దానిని మనుషులకు ఉపయోగపడేటట్లు చేయడానికి మాత్రం ఒక జీవితకాలం పట్టవచ్చు. అటువంటి జీవితాన్ని ఒక రంధ్రం పరిమాణానికి, ఒక పలక మన్నికకు అర్పించడం చిన్న పని కాదని బేకన్ నిరూపించాడు.

అభ్యాసం

1. గ్రోవ్ నిర్మించిన ఘటం చాలాకాలం వాడుకలోకి రాకపోవడానికి కారణాలేమిటి?
2. బేకన్ ఎదుర్కొన్న మూడు సాంకేతిక సమస్యలను, వాటి పరిష్కారాలను వివరించండి.
3. భర్తృహరి చెప్పిన ఉత్తముల లక్షణం బేకన్‌కు ఎలా వర్తిస్తుంది?
4. హైడ్రోజన్‌ను ఇంధనంగా వాడడంలో ఇప్పటికీ ఉన్న ఇబ్బందులేవి?